పచ్చకొండనెక్కిన నావికుడు



కొండలెక్కినవారి పేరు ఒకటి చెప్పండి అని అడిగితే మీలో చాలామంది టెన్జింగ్ నార్గే అంటారు. వెంటనే మంచు, త్రాళ్ళు, ప్రాణవాయువు సీసాలు మీ కన్నులకు కట్టినట్లు కనబడతాయి. ఈ సంచికలో నేను మీకు చెప్పబోయే కొండపై అటువంటివి ఏవీ లేవు. అది ఎండకు కాగిన రాతికొండ. దానిని ఎక్కిన మనిషి గాడిద మీద ఎక్కాడు. నిజానికి అతడు పర్వతారోహకుడే కాదు, సముద్రపు లోతులు కొలిచే నావికుడు. అయినప్పటికీ ఒమాన్ దేశపు కొండల చరిత్ర వ్రాసేవారు అతని పేరు చెప్పకుండా ముందుకు సాగరు.

అతని పేరు జేమ్స్ రేమండ్ వెల్‌స్టెడ్. 1805లో ఇంగ్లండులో జన్మించాడు. 1842లో, తన 37వ ఏట మరణించాడు. అంత చిన్న జీవితంలో అతని పేరు నిలిపినవి ముఖ్యంగా కొన్ని నెలల ప్రయాణాలు మాత్రమే.

మీ ఇంటిలో గాని, ఇరుగుపొరుగున గాని గునుంగ్ తహాన్‌కో కినబాలుకో వెళ్ళివచ్చిన అన్నయ్యలు, బాబాయిలు ఉంటే వారు మిత్రులతో మాట్లాడుకొనే మాటలు ఒకసారి శ్రద్ధగా వినండి. ఎక్కడికి వెళ్ళారు, ఏమేమి మోసుకొనిపోయారు, దారి ఎలా ఉన్నది, ఎవరికి కాలు బెణికింది, ఎవరికి జ్వరం వచ్చింది, ఈ సంగతులే తిరిగి తిరిగి వస్తాయి. నేను కూడా వెల్‌స్టెడ్ కథను ఆ ప్రశ్నలు మనసులో ఉంచుకొనే చెబుతాను. ఎందుకనగా అతడు వ్రాసి ఉంచిపోయినది కూడా చాలావరకు ఆ సంగతులే.

ముందుగా మీ అట్లాసు తెరవండి. మన మలేషియా నుండి పడమటి దిక్కుగా వేలు జరపండి. బంగాళాఖాతం దాటి, మన పూర్వికులు బయలుదేరి వచ్చిన తెలుగుదేశం దాటి, అరేబియా సముద్రం కూడా దాటితే అరేబియా ద్వీపకల్పపు ఆగ్నేయపు మూలలో ఒమాన్ కనబడుతుంది. దాని రాజధాని మస్కట్. నేడు తెలుగువారు అనేకులు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. సముద్రతీరానికి కొంత వెనుకగా, తీరాన్ని అనుసరించి వంగిన విల్లువలె ఒక పర్వతశ్రేణి ఉన్నది. దానిని హజర్ పర్వతాలు అంటారు. ఆ శ్రేణి నడుమ ఉన్నదే జెబెల్ అఖ్దర్. అరబ్బీలో జెబెల్ అంటే కొండ, అఖ్దర్ అంటే పచ్చనిది. ఆ ప్రాంతంలో అన్నిటికంటె ఎత్తైన శిఖరం జెబెల్ షమ్స్, అనగా సూర్యుని కొండ. అది సుమారు 3,000 మీటర్ల ఎత్తు.

పచ్చకొండ అన్నారు గదా అని మన కామెరాన్ కొండలవలె తేయాకు తోటలతో నిండి ఉంటుందని ఊహించకండి. దూరం నుండి చూస్తే అది బూడిదరంగు రాయి మాత్రమే. సైక్ అనే పీఠభూమి దాదాపు 2,000 మీటర్ల ఎత్తున ఉన్నది. అంటే మన గునుంగ్ బ్రించాంగ్ శిఖరం ఎంత ఎత్తో, సుమారు అంతే. అయితే బ్రించాంగ్ మీద చెట్ల మొదళ్ళకు కూడా నాచు పట్టి నీరు కారుతూ ఉంటుంది. అక్కడ వర్షం అరుదు. ఎక్కడ ఊట ఉన్నదో అక్కడ మాత్రమే, మెట్లు మెట్లుగా కట్టిన చిన్న చిన్న మడులలో పచ్చదనం కనబడుతుంది. అంత రాతి మధ్య ఆ కొంచెం పచ్చదనమే కొండకు పేరు తెచ్చిపెట్టింది.

ఇక మన నావికుని సంగతి. ఆ రోజులలో ఇండియాను ఈస్టిండియా కంపెనీ పాలిస్తుండేది. ఆ కంపెనీకి బొంబాయిలో సొంత నౌకాదళం ఉండేది. వెల్‌స్టెడ్ 1820ల చివర బొంబాయిలో ఆ దళపు అధిపతి సర్ చార్లెస్ మాల్కమ్ వద్ద కార్యదర్శిగా పనిచేసి, 1830లో పలినూరస్ అనే సర్వే ఓడలో అధికారిగా చేరాడు. అప్పుడే ఆవిరి ఓడలు కొత్తగా వస్తున్నాయి. బొంబాయి నుండి సూయజ్ వరకు ఎర్రసముద్రం గుండా అవి నడవవలెనంటే పగడపు దిబ్బలు ఎక్కడ ఉన్నవో తెలియాలి. అందుచేత ఓడను నెమ్మదిగా నడుపుతూ, సీసపు గుండు కట్టిన త్రాడును నీటిలోనికి విడుస్తూ, లోతు కొలిచి పటములో గుర్తించాలి. ఒక గుండు, ఒక సంఖ్య. మరొక గుండు, మరొక సంఖ్య. ఎండలో నెలల తరబడి ఇదే పని. విసుగు పుట్టించే ఈ పనిలోనే అతనికి ఒక మంచి అలవాటు అబ్బిందని నా అభిప్రాయం. చూసినదానిని చూసినట్లుగా, కొలిచినదానిని కొలిచినట్లుగా ఆనాడే వ్రాసుకొనే అలవాటు అది.

1834లో అతనిని సకోత్రా ద్వీపాన్ని పరిశీలించడానికి పంపారు. ఆ ద్వీపంలో గొడుగు విప్పినట్లు కొమ్మలు పరచుకొని, గాటు పెడితే నెత్తురువంటి ఎర్రని జిగురు కారే చెట్లు ఉన్నాయి. అక్కడి కొండలలో తిరిగినప్పుడే అతనికి భూమి మీది ప్రయాణం రుచి తెలిసింది. అదే సంవత్సరం దక్షిణ అరేబియా తీరంలో హుస్న్ అల్ గురాబ్ అనే పాడుబడిన కోట వద్ద రాతిపై చెక్కిన ఒక పురాతన శాసనం కనబడితే దానిని జాగ్రత్తగా నకలు తీశాడు. ఆ లిపిని చదువగలవారు అప్పటికి ఎవరూ లేరు. చదువలేని అక్షరాలను తప్పు లేకుండా వ్రాయడం ఎంత కష్టమో, తెలుగు వత్తులు కొత్తగా నేర్చుకొంటున్న మీకు నేను చెప్పనక్కరలేదు. తరువాత కొన్ని సంవత్సరాలకు ఐరోపా పండితులు ఆ లిపిని చదవడానికి ఇటువంటి నకళ్ళు తోడ్పడ్డాయి.

1835 నవంబరులో అతడు సెలవు తీసుకొని మస్కట్‌లో దిగాడు. ఒమాన్ పాలకుడు సయ్యిద్ సయీద్ బిన్ సుల్తాన్. మస్కట్ నుండి తూర్పు ఆఫ్రికాలోని జాంజిబార్ వరకు ఆయన అధికారం సాగేది. కంపెనీతో ఆయనకు స్నేహం ఉన్నది. కాబట్టి వచ్చిన యువకుని ఆదరించి, ఒంటెలను, దారి చూపేవారిని ఏర్పాటు చేసి, దారిలోని పెద్దలకు ఉత్తరాలు వ్రాసి ఇచ్చాడు.

ఇప్పుడు ఏమేమి మోసుకొనిపోయారు అన్న ప్రశ్న వస్తుంది. నేటి ఆరోహకుడు మడమను గట్టిగా పట్టే బూట్లు, తేలికపాటి సంచి, నీటి గొట్టం, దారి చూపే ఫోను తీసుకొని వెళ్తాడు. వెల్‌స్టెడ్ వద్ద గుడారం, తుపాకి, నౌకా సర్వేవారికి అలవాటైన కొలత సాధనాలు, వ్రాసుకొనే పుస్తకాలు ఉండేవి. అయితే అతని సామానులో అన్నిటికంటె విలువైనవి పాలకుని ఉత్తరాలే. తెలియని దేశంలో మంచి బూట్ల కంటె మంచి పరిచయం ఎక్కువ దూరం నడిపిస్తుంది.

అతడు తిన్నగా కొండ దగ్గరకు పోలేదు. ముందుగా తూర్పున ఉన్న సూర్ రేవుకు, అక్కడి నుండి లోపలికి, బనీ బూ అలీ అనే తెగవారి ఊరికి పోయాడు. ఇక్కడ కొంచెం ఆగాలి. ఎందుకంటే అతని ప్రయాణమంతటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఈ ఘట్టమే. 1820లో కంపెనీ సైన్యం ఆ ఊరి మీదికి దండెత్తి ఘోరంగా ఓడిపోయింది. మరుసటి సంవత్సరం ఇంకా పెద్ద సైన్యం వచ్చి ఊరిని నాశనం చేసి, అనేకులను బందీలుగా బొంబాయికి తీసుకొనిపోయింది. ఆ తరువాత వారిని విడిచిపెట్టారు. ఇది జరిగి 15 సంవత్సరాలు కూడా కాలేదు. తండ్రినో అన్ననో పోగొట్టుకొన్నవారు ఆ ఊరిలో ఇంకా ఉన్నారు. అటువంటి ఊరికి అదే కంపెనీకి చెందిన అధికారి, సైన్యం లేకుండా, గుడారం చుట్టుకొని వచ్చాడు.

మీరైతే ఏమి చేసి ఉండేవారు? ఆ ఊరివారు అతనిని అతిథిగా స్వీకరించారు. ఊరి మధ్య గుడారం వేసుకొమ్మన్నారు, భోజనం పెట్టారు, ఎడారిలో తిరగడానికి తోడు కూడా పంపారు. తాను పొందిన ఆదరాన్ని వెల్‌స్టెడ్ తన గ్రంథంలో కృతజ్ఞతతో వ్రాసుకొన్నాడు. అతని ధైర్యాన్ని పొగిడినవారు చాలామంది ఉన్నారు. ఆ ఊరివారి ధైర్యం అంతకంటె పెద్దదని నాకు తోస్తుంది. వచ్చినవానిని నమ్మడానికి వారికి ఏ ఆధారమూ లేదు.

అక్కడ నుండి ఇబ్రా మీదుగా లోపలి ఒమాన్‌కు పోయాడు. దారిలో వైట్‌లాక్ అనే తోటి నౌకాధికారి వచ్చి కలిశాడు. ఎడారి మధ్యన హఠాత్తుగా ఖర్జూరపు తోటలు, నిమ్మచెట్లు, పారే కాలువలు కనబడటం చూసి వెల్‌స్టెడ్ ఆశ్చర్యపోయాడు. వర్షం లేని చోట ఇంత నీరు ఎక్కడిది? దీనికి సమాధానం భూమి లోపల ఉన్నది.

ఆ కాలువలను ఫలజ్ అంటారు. కొండ అడుగున నీరు ఊరే చోట ముందుగా లోతైన తల్లిబావి త్రవ్వుతారు. అక్కడ నుండి ఊరివైపు భూమి లోపలే ఒక సొరంగం తీసుకొనివస్తారు. సొరంగం చాలా కొద్దిపాటి వాలుతో ఉండాలి. వాలు ఎక్కువైతే నీరు మట్టిని కోసివేస్తుంది, తక్కువైతే నిలిచిపోతుంది. మట్టి తీయడానికి, గాలి ఆడడానికి దారి పొడవునా నిలువు బావులు త్రవ్వుతారు. మోటారు లేదు, పంపు లేదు. నీరు తన బరువుతో తానే నడిచి వస్తుంది. భూమి లోపల ఉండటం వలన ఎండకు ఆవిరి కాదు. ఊరు చేరిన తరువాత నీటిని కాలాన్ని బట్టి పంచుకొంటారు. పగలు నాటిన కర్ర నీడను చూసి, రాత్రి నక్షత్రాలను చూసి ఎవరి వంతు ఎంతసేపో నిర్ణయించేవారు. 2006లో యునెస్కో ఒమాన్‌లోని అయిదు ఫలజ్‌లను ప్రపంచ వారసత్వ స్థలాలుగా గుర్తించింది. లోతులు కొలిచే నావికునికి ఈ భూగర్భపు కాలువలు నచ్చడంలో వింత ఏమున్నది? అతడు వాటిని శ్రద్ధగా పరిశీలించి వర్ణించాడు.

చివరకు నిజ్వా చేరాడు. గుండ్రని పెద్ద బురుజు గల కోట ఆ ఊరిలో ఉన్నది, నేటికీ నిలిచి ఉన్నది. 1835 డిసెంబరు చివరి దినాలలో నిజ్వా నుండి కొండ పాదాన ఉన్న తనూఫ్ అనే గ్రామానికి వచ్చి, అక్కడ నుండి జెబెల్ అఖ్దర్ ఎక్కడం మొదలుపెట్టాడు.

ఒంటె మైదానపు జంతువు. రాతిమెట్ల మీద దానికి అడుగు నిలవదు. అందువలన ఒంటెలను విడిచి గాడిదలను తీసుకొన్నారు. గాడిద అంటే మీరు నవ్వుతారు. మన భాషలో అది తిట్టు. జెబెల్ అఖ్దర్‌లో అది తిట్టు కాదు. ఆ కొండల గాడిదలు బలిష్ఠమైనవి. ఒక ప్రక్క నిలువుగోడ, మరొక ప్రక్క లోయ ఉన్న సన్నని దారిలో, ఏ రాయి కదులుతుందో ఏది కదలదో ముందే తెలిసినట్లు అడుగు వేస్తాయి. తనూఫ్ నుండి సైక్ వరకు 1,300 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కాలి. కొన్నిచోట్ల రాళ్ళు పేర్చి మెట్లుగా కట్టి ఉంటాయి, కొన్నిచోట్ల కొండ అంచు మీద ఒక్క జంతువు నడిచేంత వెడల్పు మాత్రమే ఉంటుంది. ఇరుకు చోట స్వారీ చేసేవాడు క్రిందికి చూడకుండా గాడిదను దాని ఇష్టానికి వదిలివేయడమే మేలు. ఓడ మీద అజ్ఞలిచ్చే అధికారికి ఇది కొంచెం కష్టమే అయి ఉంటుంది.

మన అడవులలో కొండ ఎక్కేవారికి భయం బురద, జలగలు, జారే వేళ్ళు. అక్కడ భయం వేరు. నీడ ఉండదు. రాయి పదునుగా ఉండి చెప్పు అడుగును కోసివేస్తుంది. నీరు దొరికే తావు తెలియకపోతే ప్రాణాపాయం. ఇంకొక సంగతి మీకు నమ్మశక్యంగా ఉండదు. అంత ఎండిన దేశంలో అన్నిటికంటె భయపడవలసినవాటిలో వరద ఒకటి! ఎక్కడో పైన వాన కురిస్తే, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండగానే, పొడి వాగులో నీటిగోడ దొర్లుకొంటూ వస్తుంది. అటువంటి పొడి వాగును అరబ్బీలో వాదీ అంటారు. వాదీలో రాత్రి గుడారం వేయరాదని అక్కడి పిల్లలకు కూడా తెలుసు.

పైకి చేరిన తరువాత వెల్‌స్టెడ్‌కు వేరే లోకం కనబడింది. క్రింద ఖర్జూరాలు; పైన ఖర్జూరం పండనంత చలి. కొండ అంచులను మెట్లుగా కోసి, రాతిగోడలు కట్టి, మట్టి నింపి, ప్రతి మెట్టుకూ సన్నని కాలువ తీసుకొనిపోయి దానిమ్మ, ద్రాక్ష, బాదం, అక్రోటు పండించే గ్రామాలు అక్కడ ఉన్నాయి. వాటిలో సైక్ గ్రామాన్ని, నేడు షురైజా అని పిలిచే గ్రామాన్ని అతడు చూశాడు. షురైజా ఇండ్లు కొండకు అంటించిన పిచ్చుకగూళ్ళవలె ఉంటాయి. అక్కడ నివసించేవారు బనూ రియామ్ తెగవారు. శీతకాలంలో సైక్ వద్ద రాత్రులు నీరు గడ్డకట్టేంత చల్లగా ఉంటాయి. అరేబియాలో చలికి వణకడం ఐరోపా పాఠకులకు కూడా కొత్త సంగతే.

అతడు ఆ కొండ నుండి వాదీ గుండా బిర్కత్ అల్ మౌజ్ అనే ఊరివైపు దిగివచ్చాడు. ఆ పేరుకు అరటిచెట్ల కొలను అని అర్థం. పేరు వింటేనే మన ఊరివలె తోచడం లేదా?

చరిత్ర పుస్తకాలు వెల్‌స్టెడ్‌ను జెబెల్ అఖ్దర్ ఎక్కి వర్ణించిన మొదటి ఐరోపావాసి అని చెబుతాయి. ఆ మాట నిజమే. కాని దానిని చదివినప్పుడు ఒక సంగతి మరువకండి. అతడు ఎక్కిన దారి అప్పటికే ఉన్నది. తరతరాలుగా బనూ రియామ్ స్త్రీపురుషులు దానిమ్మ గంపలతో ఆ దారినే దిగి, ధాన్యపు మూటలతో ఆ దారినే ఎక్కేవారు. రాళ్ళు మోసి మెట్లు కట్టినవారు, గాడిద పగ్గం పట్టి నడిపినవారు మొదటివారు అనిపించుకోలేదు. మా తాతగారి తరంవారు దిగువ పేరాక్‌లో కొబ్బరితోటలకు కాలువలు త్రవ్వారు, గట్లు వేశారు. తోట చరిత్రలో దొరల పేర్లు ఉంటాయి. గట్టు వేసినవారి పేరు ఉండదు. అందుచేత ఎవరైనా ఒక కొండను మొదట ఎక్కారని చదివినప్పుడు, దారి ఎవరు వేశారు అని అడగడం నాకు అలవాటైంది. వెల్‌స్టెడ్‌ను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. అతడు ఆ గ్రామాల పంటలను, కాలువలను, అతిథిమర్యాదను వ్రాసి ఉంచాడు గనుకనే ఈనాడు వారిని గురించి మనం కూడా చెప్పుకోగలుగుతున్నాము.

కొండ దిగిన తరువాత అతని ఆశ ఇంకా పెద్దది. ఒమాన్ దాటి, అరేబియా నడిబొడ్డున ఉన్న నజ్ద్ దేశానికి, దిరియా నగరానికి పోవాలని అతని సంకల్పం. కాని నిజ్వాలో జ్వరం పట్టుకొన్నది. అతనికి మాత్రమే కాదు, అతని వెంట ఉన్నవారికి కూడా వచ్చింది. మన తెలుగువారు మన్యపు జ్వరం, చలిజ్వరం అని పిలిచే మలేరియా ఆ కాలంలో ఒమాన్‌లోని తోటల ఊళ్ళలో ప్రబలంగా ఉండేది. తోటలకు ప్రాణం పోసే నీరే దోమలకూ ఇల్లు. అయితే జ్వరానికి దోమే కారణమని అప్పటికి ఎవరికీ తెలియదు. చెడు గాలి వలన వస్తుందని అనుకొనేవారు. మలేరియా క్రిమిని దోమ శరీరంలో మొదటిసారి చూసినది 1897 ఆగస్టులో, మన తెలుగుదేశంలోని సికింద్రాబాదులో, రోనాల్డ్ రాస్ అనే వైద్యుడు. ఆ తరువాత కొద్ది కాలానికే, 1901లో, మన క్లాంగ్‌లో మాల్కమ్ వాట్సన్ అనే వైద్యుడు మురుగు కాలువలు త్రవ్వించి దోమలను అణచే పని మొదలుపెట్టాడు. మన తోటలలో వందలాది కుటుంబాలను కాపాడిన ఆ తెలివిడి, వెల్‌స్టెడ్ నిజ్వాలో వణుకుతూ పడి ఉన్న నాటికి ఇంకా 60 సంవత్సరాల దూరంలో ఉన్నది.

జబ్బుతో ఉన్న బృందం నెమ్మదిగా సముద్రతీరంలోని సీబ్ అనే ఊరికి చేరింది. సముద్రపు గాలికి కొంత కోలుకొన్నారు. మీలో చాలామంది ఇక చాలు అని ఓడ ఎక్కి ఉండేవారు. అతడు 1836 ప్రారంభంలో మరొక దారిన, ఇబ్రీ అనే ఊరి మీదుగా, తిరిగి ప్రయత్నించాడు. ఇబ్రీలో ఈసారి ఉత్తరాలు పనిచేయలేదు. నజ్ద్ నుండి వచ్చిన వహాబీలు ఆ ఊరిలో చేరి ఉన్నారు. ఊరిపెద్ద అతనికి ముఖం చాటువేశాడు. ముందుకు పోనివ్వరు, అక్కడ ఉండనివ్వరు. వెల్‌స్టెడ్ వెనుదిరిగాడు. కొండెక్కేవారు వెనుదిరగడాన్ని ఓటమిగా లెక్కించరు. ఆకాశం చెడితే, దారి తెగితే తిరిగి రావడం వారి విద్యలో భాగమే. అతని బృందంవారు తిరిగి సముద్రతీరం చేరారు.

కాని జ్వరం అతనిని విడువలేదు. మరుసటి ఏడు, 1837లో, మస్కట్‌కు తిరిగి వచ్చినప్పుడు మరల తీవ్రంగా పట్టుకొన్నది. ఒంటిమీద తెలివి లేని ఆ స్థితిలో, తన తుపాకి వలననే అతని పైదవడకు భయంకరమైన గాయాలైనాయి. ప్రాణం దక్కింది. జ్వరం మెదడుకు ఎక్కినప్పుడు మనిషి చేసినదానికి ఆ మనిషిని నిందించరాదు. అతని స్వదేశంలో కొందరు ఆ సంగతిని గుసగుసగా చెప్పుకొన్నారేమో గాని, నేను మీ వద్ద దానిని దాచదలచుకోలేదు. కొండ మీద కాలు విరిగిందని చెప్పడానికి సిగ్గుపడనివారు, మనసు దెబ్బతిన్నదని చెప్పడానికి కూడా సిగ్గుపడనవసరం లేదు.

అతనిని బొంబాయికి, అక్కడ నుండి ఐరోపాకు పంపారు. ఆ స్థితిలోనే తన యాత్రల గ్రంథాన్ని సిద్ధం చేశాడు. 1838లో అది రెండు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. మొదటి సంపుటంలో ఒమాన్ ప్రయాణం ఉన్నది. అతడు గీసిన ఒమాన్ పటంలో పొరపాట్లు లేకపోలేదు. అయినా లోపలి ఒమాన్‌ను తెలుసుకోగోరిన బయటివారికి చాలా కాలం అదే ఆధారం. 1839లో ఉద్యోగం విడిచాడు. ఆరోగ్యం తిరిగి రాలేదు. మిగిలిన కొద్ది సంవత్సరాలు ఎక్కువగా ఫ్రాన్సులో గడిపి, 1842 అక్టోబరు 25న కన్నుమూశాడు. అదే సంవత్సరం ఎమిల్ రోడిగర్ అనే పండితుడు అతని గ్రంథాన్ని జర్మను భాషలో ప్రకటించాడు. రోడిగర్ ఎవరో తెలుసా? హుస్న్ అల్ గురాబ్ శాసనంలోని ఆ పురాతన లిపిని చదవడానికి కృషి చేసి ఫలితం సాధించిన పండితులలో ఒకడు. వెల్‌స్టెడ్ అర్థం తెలియకుండా నకలు తీసిన అక్షరాలు ఆ విధంగా మాట్లాడడం మొదలుపెట్టాయి.

ఇప్పుడు జెబెల్ అఖ్దర్ ఎలా ఉన్నదని మీరు అడుగుతారు. బిర్కత్ అల్ మౌజ్ నుండి సైక్ వరకు తారురోడ్డు వేశారు. అయితే వాలు చాలా ఎక్కువ కాబట్టి నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే మోటారుబండ్లను మాత్రమే అనుమతిస్తారు. రోడ్డు మొదట్లోనే కాపలావారు ఆపి చూస్తారు. పైన ఇప్పటికీ దానిమ్మలు కాస్తాయి. వసంతంలో గులాబీలు పూస్తాయి. ఆ రేకులను మట్టిపొయ్యిల మీద కాచి పన్నీరు తీస్తారు. ఒకనాటి గాడిదల దారులలో కొన్నిటిని నడిచేవారి కొరకు గుర్తించి, రాళ్ళ మీద పసుపు, తెలుపు, ఎరుపు రంగుల పట్టీలు వేశారు. జెబెల్ షమ్స్ దగ్గర లోతైన లోయ అంచున పోయే అటువంటి దారి ఒకటి, మనుషులు విడిచిపోయిన పాత పల్లె వరకు తీసుకొనిపోతుంది.

వెల్‌స్టెడ్ కొండెక్కడం మొదలుపెట్టిన తనూఫ్ పాత గ్రామం 1950లలో జరిగిన యుద్ధంలో ధ్వంసమైంది. మట్టిగోడలు మాత్రం మిగిలి ఉన్నాయి. ఆ ప్రక్కనే కొండ నుండి వచ్చే నీటిని నేడు సీసాలలో నింపి, తనూఫ్ అనే పేరుతోనే దేశమంతా అమ్ముతున్నారు. ఒమాన్‌లో ఉద్యోగం చేసే మీ బంధువులు ఎవరైనా సెలవులకు వచ్చినప్పుడు అడిగి చూడండి. ఆ సీసా వారి చేతికి తప్పక తగిలి ఉంటుంది.